టెన్షన్ వల్ల మెడనొప్పి, కడుపులో మంట వస్తాయా?

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తానని, సీజన్‌లో మెడ పట్టేసి, కడుపు మండి, నిద్ర పట్టడం లేదని, టెస్టులన్నీ నార్మలేనని రాశారు. టెన్షనే కావచ్చు. ఒత్తిడిలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరిగి కండరాలు బిగుస్తాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాసేపైతే పర్లేదు. నెలల తరబడి సాగితే నిద్ర, అరుగుదల దెబ్బతింటాయి.

లెక్కలు రాసేటప్పుడు గమనించండి: పళ్లు బిగబట్టి, భుజాలు చెవుల దాకా ఎత్తి కూర్చుని ఉంటారు. అక్కడే ఆగి, పీల్చినదానికంటే నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఐదు నిమిషాలు గడపండి. సాయంత్రం టీ తగ్గించండి (యార్డులో కష్టమే!). రోజూ అరగంట నడవండి.

ఛాతీ నొప్పి వస్తే మాత్రం టెన్షన్‌లే అని సర్దుకోకుండా 108కి ఫోన్ చేయండి. వారాలు గడిచినా నిద్ర కుదుటపడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.