సమాధానం: ఆ బోర్బన్‌కు అంత ధర పెట్టొచ్చా?

తమ్మీ, హన్మకొండలో రెండు బోర్బన్ (ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ) సీసాలు చూశానని, ఖరీదైనది కొంటే డబ్బు దండగేమోనని అడిగావు. సీసా కొనకు, ముందు బార్‌లో ఒక్కోటి 30 మి.లీ. తాగి చూడు. పోశాక పది నిమిషాలు ఆగు. మొదటి గుటక నాలుకకు అలవాటు కోసమే. రెండోది నోట్లో తిప్పు: బెల్లం పాకంలాంటి తీపి, కాలిన చెక్క వగరు, మంట, ఏ ఒక్కటీ మిగతావాటిని మింగేయకూడదు. నాలుగు చుక్కల నీళ్లు కలిపాక కూడా రుచి నిలబడితే అది మంచి సరుకే.

లేబుల్‌పై ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ ఉంటే కనీసం 4 ఏళ్లు పీపాలో ఉన్నట్టు, ఆల్కహాల్ 50 శాతం. ‘స్ట్రెయిట్’కి 2 ఏళ్లు చాలు. ఇక్కడి ధరలో దిగుమతి సుంకం, పన్నులే బోలెడు, అందుకే ధరను బట్టి రుచిని అంచనా వేయకు. సీసా అందానికైతే నేను రూపాయి కూడా ఎక్కువ పెట్టను.