డయాలసిస్ రోగుల్లో టీకా ఫలితం చూడబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

మీ యూనిట్‌లో డయాలసిస్ చేయించుకుంటున్నవారికి హెపటైటిస్ బి టీకా ఎంతవరకు పనిచేస్తోందో పరీక్షించబోతున్నావని మీ నాన్న చెప్పాడు. రక్తం ఏ తేదీన తీయాలో రాసి పెట్టుకోకుండా మాత్రం మొదటి సూది వేయించవద్దు.

చాలా ఏళ్ల క్రితం, టీకా వేసిన ఐదో రోజునే ఒక పెద్దాయన రక్తాన్ని నెలవారీ పరీక్షలతో కలిపి పంపించాను. హెచ్‌బీఎస్ఏజీ (వైరస్ పైపొర మీది యాంటిజెన్) పాజిటివ్ అని, అంటే వైరస్ సోకినట్టు వచ్చింది. ఆయనను విడిగా ఉన్న మిషన్ మీదికి మార్చాము. ఇంట్లో ఆయన కంచం, గ్లాసు వేరు చేశారు. నెల తిరిగాక మళ్లీ చూస్తే నెగెటివ్. మేము వేసిన టీకాలోని యాంటిజెనే ఆ పరీక్షలో కనబడింది. ఆ కంచం సంగతి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకని టీకాకు ముందే హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీసీ (వైరస్ ఎప్పుడైనా సోకిందని చెప్పే యాంటీబాడీ), యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణనిచ్చే యాంటీబాడీ) మూడూ చూసుకో. వీరికి సాధారణంగా వేసే 20 మైక్రోగ్రాములు చాలవు కనుక 40 చొప్పున 0, 1, 2, 6 నెలల్లో ఇచ్చి, చివరి మోతాదు తరువాత ఒకటి రెండు నెలల మధ్య టైటర్, అంటే రక్తంలో యాంటీ హెచ్‌బీఎస్ ఎంత ఉందో చూడాలి. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు దాటితే రక్షణ వచ్చినట్టు లెక్క. అయితే ఆరోగ్యవంతుల్లో టైటర్ తరువాత తగ్గినా రోగనిరోధక స్మృతి కాపాడుతుంది. డయాలసిస్ రోగుల విషయంలో ఆ భరోసా పెట్టుకోలేము కాబట్టి ఏటా పరీక్షించి, 10 కంటే తగ్గినవారికి బూస్టర్ ఇవ్వాలి.

కిడ్నీ మార్పిడి అయినవారిని ఇదే పట్టికలో కలపవద్దు. 2021లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు అవయవ మార్పిడి జరిగిన 658 మందిని చూస్తే, రెండు మోతాదుల ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకా తరువాత కూడా 54 శాతం మందిలోనే యాంటీబాడీలు కనబడ్డాయి. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే మైకోఫెనలేట్ వంటి మందులు వాడేవారిలో స్పందన మరీ తక్కువ. ఎవరు ఏ మందు, ఎంత మోతాదులో వాడుతున్నారో రాయకపోతే నీ అంకెలకు అర్థం చెప్పలేవు.

స్పందించనివారు మరీ ఎక్కువగా కనబడితే రోగులను అనుమానించే ముందు ఫ్రిజ్ చూడు. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకసారి గడ్డకడితే పనికిరాదు. సూది భుజానికే వేయించు, పిరుదుకు వద్దు. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతిని ముట్టుకోవద్దని సిస్టర్లకు ముందుగానే చెప్పు.

ఇట్లు,
నీ పెదనాన్న