అడగండి, చెబుతా: బ్యాచ్ కాదండీ, బాఖ్!

ప్రశ్న: మా అబ్బాయి వాళ్లింటికి వచ్చి మూడు నెలలైంది. వాళ్లుండేది ఒహాయోలో స్ట్రాంగ్స్‌విల్. పక్క ఊరు బెరియాలో యూనివర్సిటీవాళ్లు ఏటా ఏప్రిల్‌లో ఏదో సంగీతోత్సవం చేస్తారట, మనవరాలి వయొలిన్ టీచరు తప్పకుండా రమ్మందట. కాగితం మీద పేరు చూసి "బ్యాచ్ ఫెస్టివల్" అని చదివి, పాత స్టూడెంట్ల గెట్ టుగెదర్ కాబోలు మనకెందుకులే అన్నాను. పిల్ల పడీ పడీ నవ్వింది. చర్చి పాటలట, జర్మన్ భాషట, దాదాపు మూడు గంటలట. నాకు త్యాగరాజ కీర్తనలు తప్ప ఇంకో సంగీతం తెలియదు. వెళ్లి ఏం చెయ్యాలి?
– ఓ నాయనమ్మ, స్ట్రాంగ్స్‌విల్

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. పేరు సంగతికొస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు, నేనూ మొదటిసారి బ్యాచ్ అనే చదివాను. ఆయన యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1685లో పుట్టి 1750లో పోయిన జర్మన్. త్యాగయ్యగారు పుట్టింది 1767లో కాబట్టి, ఈయన పోయిన 17 ఏళ్లకు ఆయన పుట్టారన్నమాట. 1600 నుంచి 1750 దాకా యూరప్‌లో నడిచిన సంగీతాన్ని బరోక్ అంటారు. ఈయన పోయిన ఏడాదితోనే ఆ కాలం అయిపోయిందని లెక్క వేస్తారంటే మనిషి స్థాయి ఏమిటో చూడండి.

మీ పక్క ఊళ్లోది బాల్డ్విన్ వాలెస్ యూనివర్సిటీ, 2012 దాకా కాలేజీ అనేవాళ్లు. అక్కడి సంగీత విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపిన ఆల్బర్ట్ రీమెన్‌ష్నైడర్ అనే ఆర్గాన్ విద్వాంసుడు, ఆయన భార్య సెల్మా కలిసి 1932లో ఈ ఉత్సవం మొదలుపెట్టారు. అమెరికాలో కాలేజీలు జరిపే బాఖ్ ఉత్సవాల్లో ఇదే అన్నిటికంటే పాతది. పద్ధతి కూడా ముచ్చటగా ఉంటుంది. బాఖ్ రాసిన పెద్ద కోరస్ రచనలు నాలుగింటిని, అంటే మత్తయి సువార్త ప్యాషన్, యోహాను సువార్త ప్యాషన్, బి మైనర్ మాస్ (చర్చి ఆరాధన మాటలకు కట్టిన సంగీతం), క్రిస్మస్ ఒరటోరియో (వేషాలు లేకుండా పాటల్లో చెప్పే కథ) అనేవాటిని, ఏడాదికొకటి చొప్పున తిప్పుతూ వేస్తారు. దాంతో నాలుగేళ్ల డిగ్రీ కోసం చేరిన కుర్రాడు పట్టా పుచ్చుకునే లోపు నాలుగూ పాడేసి ఉంటాడు. ఒకసారి కాదు, తరతరాల పిల్లలు అలా పాడి బయటికి వెళ్లారు. (ఏప్రిల్ ఎండలో క్రిస్మస్ పాటలేమిటని అడక్కండి, ఆ ఏడాది వంతు దానిది.) కచేరీకి ముందు బాకాలవాళ్లు అక్కడి మార్టింగ్ హాల్ గోపురం మీద నిలబడి ఊదుతారు, మన పెళ్లిళ్లలో సన్నాయి ముందుగా మోగినట్టు. కాస్త తొందరగా వెళ్లండి, అది పోగొట్టుకోకూడదు.

ఇక మీ అసలు భయం. మత్తయి ప్యాషన్ వంతు వచ్చిన ఏడాదైతే మీకు చాలా తేలిక, ఎందుకంటే మీరు హరికథలు విని ఉంటారు. ఇది ఏసుక్రీస్తు శిలువ కథ. సువార్త చెప్పే గాయకుడు ఒకడుంటాడు, మన హరిదాసులాగా. ఆయన కథ చెబుతూ చెబుతూ ఆగుతాడు, అప్పుడొక పాట వస్తుంది, ఆ ఘట్టం విన్నవాడి గుండెల్లో ఏముంటుందో అది పాడతారు, మళ్లీ కథ. ఏసు మాట్లాడినప్పుడల్లా వెనకాల వయొలిన్లు నెమ్మదిగా పరుచుకుని ఉంటాయి, బొమ్మల్లో దేవుడి తల వెనక వెలుగు గీస్తారే, అలాగ. శిలువ మీద "నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు" అన్నప్పుడు మాత్రం ఆ వయొలిన్లు ఉండవు. వెలుగు ఆరిపోతుంది. జర్మన్ ఒక్క ముక్క రాకపోయినా ఆ లేకపోవడం మీకు తెలుస్తుంది.

ఇంకొక్కటి పట్టుకోండి చాలు. ఆ మూడు గంటల్లో ఒకే వరస ఐదుసార్లు వస్తుంది. అది హాన్స్ లియో హాస్లర్ అనే ఆయన 1601లో అచ్చు వేయించిన ప్రేమపాట వరస, తర్వాత చర్చిలోకి వచ్చి భక్తిపాట అయింది (మనకేం కొత్త కాదుగా, జావళీ బాణీలో భజన కట్టిన ఊళ్లు మనవి). బాఖ్ దాన్ని వచ్చిన ప్రతిసారీ వేరే స్థాయిలో పెడతాడు, చాలాసార్లు కింది గొంతులూ మార్చేస్తాడు. చివరిసారి ఏసు ప్రాణం విడిచిన మరుక్షణం వస్తుంది. మనవరాలిని ముందురోజు ఆ వరస ఫోన్‌లో రెండుసార్లు వినిపించమనండి. ప్యాషన్లు రెండూ, క్రిస్మస్‌దీ జర్మన్, మాస్ ఒక్కటే లాటిన్. ఇలాంటి కచేరీల్లో మామూలుగా ఇంగ్లిష్ అర్థం ఉన్న పుస్తకం ఇస్తారు, మనవరాలి చేతిలో పెట్టండి, మీరు మాత్రం చదువుతూ కూర్చోకండి.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి అంటే, పక్కవాళ్లు కొట్టాక. నేనొకసారి ఓ చోట పాట మధ్యలో, అయిపోయిందనుకుని గట్టిగా ఒక్కడినే కొట్టాను, హాలంతా తిరిగి చూసింది, ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

అన్నట్టు క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన కూడా 1978 నుంచి ఏటా ఈస్టర్ రోజుల్లోనే జరుగుతోంది, మీకు తెలిసే ఉంటుంది. ఇండియా బయట అంత పెద్ద ఆరాధన ఇంకోటి లేదంటారు. అక్కడ పంచరత్నాలు అందరూ కలిసి పాడతారు, ఇక్కడ కోరస్ కలిసి పాడుతుంది, రెండూ అరగంట కారు దూరంలో, ఒకే రుతువులో. ఈ రెండూ అలా పక్కపక్కన దొరికే ఊరు ప్రపంచంలో ఇంకోటి ఉందా అని నాకు అనుమానమే. రెండూ వినండి.

ప్రశ్న: ఆర్గాన్ ఆర్గాన్ అంటారు. మా చర్చిలో ఉన్న కీబోర్డులో కూడా ఆర్గాన్ అని ఒక బటన్ ఉంది. మా తాతగారి కాలంలో హార్మోనియం ఉండేది. మూడింటికీ తేడా ఏమిటి?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: కీబోర్డులోది రికార్డింగు, దాన్ని వదిలేద్దాం. హార్మోనియంలో గాలి వెళ్లి చిన్న ఇత్తడి రీడ్లను కదిలిస్తుంది. పైప్ ఆర్గాన్‌లో గాలి గొట్టాల్లోకి వెళుతుంది, ప్రతి స్వరానికీ ఒక గొట్టం, అదీ ఒక్కో రకం నాదానికి ఒక్కో వరస చొప్పున. ఒక పెద్ద వాయిద్యంలో వేల గొట్టాలుంటాయి. వేణువులు వేలకొద్దీ నిలబెట్టి ఒకే మనిషి చేతికి ఇచ్చినట్టు. గొట్టం ఎంత పొడుగైతే నాదం అంత మంద్రం. 8 అడుగుల వరసలో కింది స్వరం సెకనుకి 65 కంపనాలు, 32 అడుగుల గొట్టమైతే 16. అది చెవికి వినపడటం కంటే కుర్చీకి తెలుస్తుంది. గొంతు మార్చాలంటే పక్కనున్న మీటలు లాగాలి, వాటిని స్టాప్స్ అంటారు. వేళ్లతో వాయించే మీటను ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు, వేలు తియ్యగానే ఆగిపోతుంది, కాబట్టి వాయించేవాడి పనితనమంతా ఎప్పుడు నొక్కాడు, ఎప్పుడు వదిలాడు అన్నదాంట్లోనే ఉంటుంది.

హార్మోనియంకి ఒక చెయ్యి తిత్తికి పోతుంది, మిగిలేది ఒక్క చెయ్యి. నాటకాల హార్మోనిస్టులు ఆ ఒక్క చేత్తోనే ప్రాణం పోశారు, అది వేరే సంగతి. ఆర్గాన్‌కి గాలి ఇప్పుడు కరెంటు మోటారు ఇస్తుంది, బాఖ్ రోజుల్లో తిత్తులు తొక్కడానికి వెనకాల మనుషులుండేవాళ్లు (వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ కనపడవు). రెండు చేతులూ ఖాళీ, దానికి తోడు కాళ్ల కింద ఇంకో మీటల వరస. బాఖ్ ఆరు ట్రియో సొనాటాలు రాశాడు, కుడిచెయ్యి ఒక పాట, ఎడమచెయ్యి ఒక పాట, కాళ్లు ఇంకో పాట. పెద్దకొడుకు సాధన కోసం రాశాడంటారు. నాన్న ఇచ్చిన హోంవర్క్ అంటే అదీ.

మీరు గుంటూరు అన్నారు కాబట్టి ఒక మాట. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో మీ ఊరు వచ్చారు, వాళ్లతోపాటు జర్మన్ చర్చి పాటలూ వచ్చాయి. మీరు "మా కర్త గట్టి దుర్గము" పాడి ఉంటే అది మార్టిన్ లూథర్ పాట. బాఖ్ దాని మీద ఏకంగా ఒక కాంటాటా (గొంతులకీ వాయిద్యాలకీ రాసిన పాటల వరస) కట్టాడు, 80వ నంబరుది. విని చూడండి, మీ పాటే పెద్ద మేడలో కూర్చున్నట్టుంటుంది.

ప్రశ్న: కోరస్ అంటే మనకి అందరూ ఒకే పాట పాడటం. వీళ్లు నలుగురూ నాలుగు రకాలుగా పాడతారు. గోల కాదా అది?
– బీటెక్ మూడో సంవత్సరం, హైదరాబాద్

జవాబు: మొదట గోలే. చెవికి ఒక పని అప్పగిస్తే సర్దుకుంటుంది. పైనుంచి కిందికి సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని నాలుగు గొంతులు. అందరూ పై గొంతు వింటారు, నువ్వు బాస్‌ని విను, కింద అది ఎటు నడుస్తోందో పట్టుకో, పైవన్నీ దానిమీద ఎందుకు నిలబడ్డాయో నీకే తెలుస్తుంది. ఫ్యూగ్ అని ఇంకోటి ఉంది, ఒక గొంతు వరస మొదలుపెడుతుంది, అది సాగుతూ ఉండగానే రెండోది అదే వరసను పంచమం నుంచి అందుకుంటుంది, తర్వాత మూడోది, నాలుగోది, ముందువాళ్లెవరూ ఆగరు. నలుగురు అన్నదమ్ములు ఒకే మాట మీద వాదించుకున్నట్టుంటుంది గానీ ఒక్కరి మాటా ఇంకొకరి మాటకి అడ్డం పడదు.

పైన చెప్పిన రీమెన్‌ష్నైడర్‌గారే బాఖ్ నాలుగు గొంతుల పాటలు 371 పరిష్కరించి 1941లో పుస్తకం వేశారు. పాశ్చాత్య సంగీతం చదివే పిల్లలకి ఇప్పటికీ అది పెద్దబాలశిక్ష. అందులో ఒక్కోటి పట్టుమని రెండు నిమిషాలుండదు, రోజుకొకటి విను.

ప్రశ్న: గమకం లేదు, రాగాలాపన లేదు, కాగితం చూసి పాడటమే. మన సంగీతం ముందు ఇదెంత?
– సంగీతాభిమాని, విజయవాడ

జవాబు: మా సంగీతంలో నాలుగు గొంతుల సామరస్యం ఏదీ అని వాళ్లడిగితే మీరేం చెబుతారు? అయినా మీరనుకున్నంత కాగితమేం కాదు. బరోక్‌లో హార్ప్‌సికార్డ్ (పియానోకి ముందటి మీటల వాయిద్యం), ఆర్గాన్ వాయించేవాళ్లకి చాలాచోట్ల బాస్ స్వరం ఒక్కటే రాసి, దాని కింద అంకెలు వేసి వదిలేసేవాళ్లు. మిగతాదంతా అప్పటికప్పుడు కల్పించుకోవాల్సిందే. మనోధర్మం అనండి.

ప్రశ్న: బాఖ్ అంటే నాకు పిచ్చి. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒహాయో వెళ్లాలంటే విమానం, హోటల్, రెండు రోజుల సెలవు. యూట్యూబ్‌లో వింటే సరిపోదా?
– సెలవులు లేనివాడు

జవాబు: 1705లో బాఖ్‌కి 20 ఏళ్లు, ఆర్న్‌స్టాట్ అనే ఊళ్లో చర్చి ఆర్గానిస్టు. ల్యూబెక్‌లో బుక్స్‌టెహూడె అనే పెద్దాయన వాయిస్తాడని, క్రిస్మస్ ముందు ఆదివారాల్లో సాయంత్రం పూట కోరస్, ఆర్గాన్‌లతో కచేరీలు పెడతాడని విని, నాలుగు వారాలు సెలవడిగి, దాదాపు 400 కిలోమీటర్లు నడుచుకుంటూ వెళ్లాడని చెబుతారు. తిరిగొచ్చింది నాలుగు నెలలకి. చర్చి పెద్దలు పిలిచి నిలదీస్తే, నా బదులు మనిషిని పెట్టి వెళ్లానుగా అన్నాడట. పైగా వచ్చాక వాయించే తీరు మారిపోయి, పాడే జనం తికమకపడుతున్నారని ఇంకో చీవాట్లు.

మీరడిగేది రెండు రోజులు. ఈ కథ మేనేజర్‌కి మాత్రం చెప్పకండి, ఇంకో సాకు చూసుకోండి. టికెట్ కొనేముందు ఈ ఏడాది నాలుగింట్లో ఏది వంతో యూనివర్సిటీవాళ్ల ప్రకటనలో చూసుకోండి, మాస్ అయితే ఇంక ఆలోచించొద్దు. 1749లో పూర్తి చేసిన ఆ రచనని బాఖ్ తన జీవితంలో ఒక్కసారైనా మొత్తంగా విన్న దాఖలా లేదు.