జంట స్కోపులు కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. ముందు కటకం 50 మిల్లీమీటర్లున్న స్పాటింగ్ స్కోపులు, అదే ఒంటి కంటితో చూసే చిన్న దుర్భిణులు, రెండూ భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి, "సగం పని అయిపోయింది మామయ్యా" అని రాశావు. సగం కాదు, ఇంకా మొదలే కాలేదు. స్కోపులు డబ్బు పడేస్తే వస్తాయి. రెండూ ఒకే చోటును చూసేలా కుదిర్చి, మోటారు సైకిల్ మీద గుంటూరు నుంచి ఉప్పలపాడు వరకు కుదుపులు తిన్నాక కూడా అదే చోటును చూసేలా నిలబెట్టడమే అసలు పని.

అరిజోనాలో ఉన్న నీ స్నేహితుడు చూపించిన ఈ జంట స్కోపుల పరికరం అక్కడి వేటగాళ్లది. లైసెన్సు తీసుకుని, కొండ మీద ట్రైపాడ్ వేసుకుని, ఎదుటి వాలు మీద జింక ఎక్కడ పడుకుందో గంటల తరబడి గాలిస్తారు. ఒక కన్ను మూసి గంటసేపు చూస్తే ముఖం పట్టేస్తుంది కనుక రెండు కళ్లూ కావాలన్నారు. వీపున మోసుకుని కొండెక్కాలి కనుక తేలికగానూ కావాలన్నారు. మనకు ఆ వేట లేదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. ఉప్పలపాడు చెరువులో తుమ్మచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులను చూడటానికి మాత్రం ఈ పరికరం వేటగాడికి ఉపయోగపడినంతగా ఉపయోగపడుతుంది. తల్లి గొంతు సంచిలోకి పిల్ల తలంతా దూర్చి చేప లాక్కోవడం ఒంటి కంటితో చూడటం వేరు, రెండు కళ్లతో చూడటం వేరు. వెలుగు రెట్టింపవుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకు. పెరిగేది ఓపిక. మసకలో ఆకుకూ ముక్కుకూ తేడా కాస్త తొందరగా తెలుస్తుంది, అంతే.

ముందు నీ కళ్ల మధ్య దూరం కొలిపించుకో. కళ్లజోడు షాపులో పీడీ అంటే చాలు, చూసి చెబుతారు. పెద్దవాళ్లలో సాధారణంగా 54 నుంచి 74 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. తర్వాత నీ స్కోపు వెడల్పు కొలువు. గొట్టాన్ని కాదు, అన్నిటికంటే లావుగా ఉన్న చోట, ఫోకస్ రింగుతో సహా. ఆ వెడల్పు నీ కళ్ల దూరం కంటే ఎక్కువైతే రెండు స్కోపులు నీ కళ్లకు అందేంత దగ్గరగా చేరవు, ఈ ఉత్తరం మిగతాది చదవక్కర్లేదు. 65 మిల్లీమీటర్ల స్కోపులు వద్దని మొన్న ఫోనులో నేను అరిచింది అందుకే. నా స్కోపు లావు 61, నా కళ్ల మధ్య 62. ఒక్క మిల్లీమీటరుతో బతికిపోయాను. మీ అత్తయ్యకు 58. తన వంతు వచ్చినప్పుడల్లా ఒక కంట్లో నీడ పడుతుంది, ఆ సంగతి ఊరంతటికీ చెబుతుంది. ముక్కును కూడా లెక్కలో వేసుకో. ఐపీసు, అంటే కన్ను ఆనించే కటకం, దాని రబ్బరు కప్పు 40 మిల్లీమీటర్ల లావుంటే, 62 దూరంలో రెండు కప్పుల మధ్య ముక్కుకు మిగిలేది 22.

ఇంటిల్లిపాదీ చూడాలని దూరం మార్చుకునే జారుడు పట్టీ పెట్టాలనుకుంటావు. పెట్టకు. జారేది ప్రతిదీ కాస్త ఊగుతుంది, ఊగేది ప్రతిదీ గురి తప్పిస్తుంది, పైగా బరువు. ఇది నీ కళ్లకు కట్టుకునే కళ్లజోడు అనుకో.

రింగు తిప్పితే ఎన్ని రెట్లు చూపించాలో మారే జూమ్ ఐపీసుల జోలికి వెళ్లకు. నేను మొదట కట్టినది జూమ్‌దే. రెండు రింగుల మీదా 30 అన్న అంకె దగ్గరే పెట్టాను. పది నిమిషాలకు కణతలు నొప్పి, పావుగంటకు కడుపులో తిప్పడం. పైత్యమనుకుని శొంఠి కషాయం తాగాను. అసలు సంగతి వారం తర్వాత తెలిసింది. ఒకదానిలో గూడు కాస్త పెద్దది, రెండో దానిలో కాస్త చిన్నది. రింగు మీద అంకె ముద్ర మాత్రమే, కొలత కాదు. రెండు బొమ్మల సైజులో నూటికి రెండు వంతుల తేడా వచ్చినా కళ్లు తగవుకు దిగుతాయి. కాబట్టి స్థిరంగా 20 రెట్లు చూపించే ఐపీసులు ఒకే రకానివి రెండు తీసుకో. 50ని 20తో భాగిస్తే కంటికి చేరే కాంతి చుక్క రెండున్నర మిల్లీమీటర్లు. పగటి పూట పక్షులకు అది ధారాళం.

ఇక రెండు స్కోపులూ కూర్చునే అడుగు పలక. నువ్వు త్రీడీ ప్రింటింగులో చేయిస్తానన్నావు. నమూనాకైతే చేయించు, దూరాలూ ముక్కూ సరిపోతాయో లేదో దాని మీదే చూసుకో. అసలు పలక మాత్రం అల్యూమినియందే కావాలి. ఆ ప్రింటింగు పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో బెజవాడలో తలుపులు మూసి ఎండలో వదిలిన కారులో దాని గతి ఏమవుతుందో నీకే తెలుసు.

150 పొడవు, 130 వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం పలక 316 గ్రాములు తూగుతుంది. తేలిక కోసం 4 మిల్లీమీటర్లది తీసుకుందామని నీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. తప్పు. 4కు దిగితే బరువు మూడో వంతే తగ్గుతుంది, బిగువు మాత్రం మూడో వంతు కూడా మిగలదు, ఎందుకంటే బిగువు మందం ఘనాన్ని బట్టి నడుస్తుంది. అందుకే మందం 6 ఉంచి, పని చేయని చోట కిటికీలు కోయించు. స్కోపుల పాదాలు ఆనే చోట, ట్రైపాడ్ స్క్రూ పట్టే నడిమి గీత మీద ముట్టుకోకు. నాది అలా 170 గ్రాములకు దిగింది. నీ స్కోపు ఒక్కొక్కటి 520 అన్నావు కాబట్టి, కుడి పీట, స్క్రూలు కలిపినా మొత్తం కిలో మూడు వందలకు మించకూడదు. మించితే ఎక్కడో దుబారా చేశావన్నమాట.

ఆటోనగర్‌లో లేత్ షాపులకు కొదవ లేదు, కానీ నీకు కావలసింది మిల్లింగ్ మిషను ఉన్నది. అక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పు: రెండు స్కోపుల పాదాలు ఆనే రెండు చోట్లూ ఒకే బిగింపులో, పలకను విప్పకుండా, ఒకేసారి చదును చేయాలి. "ఏముంది సార్, తర్వాత తిప్పి కొడతాం" అంటే ఒప్పుకోకు. తిప్పి బిగిస్తే రెండు పీటలూ రెండు దిక్కులకు ఒరుగుతాయి. నీవి ఐపీసు 45 డిగ్రీలు పైకి వంగి ఉండే స్కోపులు. ఒకటి రవ్వంత పక్కకు ఒరిగినా దాని ఐపీసు నీ కన్ను వదిలి చెవి వైపు చూస్తుంది. స్కోపు పాదాల్లో ఉండే మర పావు అంగుళంది, అంగుళానికి 20 చుట్లు. దాన్ని 6 మిల్లీమీటర్ల స్క్రూతో నెట్టుకొద్దామని చూస్తే మర పాడవుతుంది.

ఎడమ స్కోపును పలకకు బిగించి మర్చిపో. సర్దుబాటంతా కుడిదానికే. కుడి స్కోపు కింద చిన్న పీట పెట్టి, ముందు ఒక ఇరుసు, వెనక లాగే స్క్రూ ఒకటి, నెట్టే స్క్రూ ఒకటి అమర్చు. ఒకటి పీటను కిందికి లాగుతుంది, ఇంకొకటి పైకి నెడుతుంది. రెండూ ఎదురెదురుగా బిగిసినప్పుడే పీట నిలుస్తుంది. నీటిపారుదల శాఖలో ఉన్నన్నాళ్లూ నేల ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్‌ దుర్భిణిలో అడ్డగీతల పలకను సర్దింది ఈ పద్ధతిలోనే. అక్కడ నేర్చిన జాగ్రత్త ఒకటుంది: ఎదుటి స్క్రూను వదులు చేయకుండా ఇవతలి స్క్రూను బిగించకు. బిగిస్తే గీత కదలదు, మర తెగుతుంది.

ఎంత సర్దాలి? కంటికి చేరేసరికి రెండు బొమ్మల ఎత్తు తేడా పది నిమిషాల కోణం (డిగ్రీకి అరవై నిమిషాలు) దాటకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. 20 రెట్ల స్కోపులో అది అసలు గురిలో అర నిమిషం. 150 మిల్లీమీటర్ల అవతల ఉన్న స్క్రూ దగ్గర అది 0.022 మిల్లీమీటర్లు. ఎం-4 స్క్రూకు ఒక చుట్టు 0.7 మిల్లీమీటర్లు కాబట్టి, నువ్వు అలెన్ కీని తిప్పాల్సింది గడియారంలో పెద్ద ముల్లు రెండు నిమిషాల్లో కదిలే దూరం కంటే తక్కువ. కీ తిప్పుతున్నావా, కీ మీద ఊపిరి వదులుతున్నావా అన్నట్టుండాలి.

ఆ కచ్చితత్వమంతా ఎత్తుపల్లాలకే. పక్కల విషయంలో కళ్లు కొంత ఓర్చుకుంటాయి, కానీ ఒక్క వైపే. పుస్తకం చదివేటప్పుడు కళ్లు రోజూ లోపలికి తిరుగుతూనే ఉంటాయి, బయటికి తిరగడం వాటికి రాదు. అందుకని స్కోపుల ముందు మూతులు వెంట్రుకవాసి బయటికి విచ్చుకుని ఉన్నా ఫరవాలేదు, అప్పుడు కళ్లు లోపలికే తిరుగుతాయి. మూతులు లోపలికి ముడుచుకుంటే మాత్రం పనికిరాదు. ఇది తలకిందులుగా ఉన్నట్టు అనిపిస్తుంది. కాగితం మీద గీసి చూసుకో.

పరీక్ష తెల్లవారుజామున చెయ్యి. ఎండెక్కితే గాలి మరిగి గురి నిలవదు. నాకు మేడ మీద నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో గాంధీ కొండ మీది స్తూపం కనిపిస్తుంది, ఎత్తు 52 అడుగులు. అంత దూరంలో ఒక్క అడుగు తేడా అంటే ఇంచుమించు అర నిమిషమే. కాబట్టి రెండు స్కోపుల్లో స్తూపం కొన అడుగుకు మించి తేడాగా ఉంటే మళ్లీ స్క్రూ దగ్గరికి వెళతాను. గుంటూరులో నీకు దూరంగా ఉన్న సెల్ టవరు చాలు. ఐపీసులకు జానెడు వెనక్కి జరిగి చూస్తే రెండు వెలుగు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. ఏ డాబా పిట్టగోడ అంచో రెండింటిలోనూ ఒకే ఎత్తులో సాగితే మొదటి పరీక్ష నెగ్గినట్టు.

రెండో పరీక్ష రాత్రి. ధ్రువ నక్షత్రం మనకు ఉత్తరాన పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, దాదాపు కదలదు, అదే దాని సుగుణం. ఎడమ స్కోపులో చుక్కను పదునుగా పెట్టు. కుడిదానిలో ఫోకస్ చెరిపి అప్పడంలా వెడల్పు చెయ్యి. రెండు కళ్లతో చూస్తూ కాసేపు కళ్లను వదులుగా ఉంచు. చుక్క అప్పడం నడిమికి వచ్చి నిలవాలి. అంచుకు చేరితే సర్దు. తర్వాత ఫోకస్‌ను దగ్గరికి, దూరానికి తిప్పి మళ్లీ చూడు. చవక స్కోపుల్లో ఫోకస్ తిరిగేటప్పుడు లోపలి కటకం పక్కకు జరిగి గురిని కూడా లాక్కుపోతుంది. అలా అయితే లోపం నీ పలకది కాదు, ఆ స్కోపును తిరిగి ఇచ్చేయి.

ఎండలో సర్దేటప్పుడు పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పకు.

వచ్చే ఆదివారం పలక పట్టుకుని రా. కుడి పీట స్క్రూలకు అవి వదులవకుండా పట్టే లాకింగ్ జిగురు పెట్టకుండానే తీసుకురా, అది నేను చూశాకే. లెవెల్ స్క్రూలు తిప్పడానికి వాడిన ఉక్కు పిన్ను ఇంకా నా సొరుగులోనే ఉంది, తీసి నూనె రాసి పెడతాను. మీ అత్తయ్య కళ్ల దూరం 58 అని మర్చిపోకు. తనకు విడిగా ఒకటి కడతానని నువ్వు మాట ఇచ్చావట, నాతో చెప్పింది.

మామయ్య
విజయవాడ