సైకాలజీలో చేరేముందు: పది మందితో ఒక చిన్న ప్రయోగం

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. డిగ్రీలో సైకాలజీ తీసుకుంటానంటోంది. మా ఇంట్లో ఎవరికీ ఈ సబ్జెక్టు గురించి తెలియదు. కాలేజీలు తెరిచేలోగా బేసిక్స్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? తనకు లెక్కలంటే భయం, ఇబ్బంది పడుతుందా? డిగ్రీ అవగానే కౌన్సెలర్‌గా ప్రాక్టీస్ పెట్టుకోవచ్చా? - ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: ప్రాక్టీసుకు డిగ్రీ ఒక్కటే చాలదమ్మా. ఆ వివరాలు చివర్లో చెబుతాను. ముందు చదువు సంగతి.

ఎదుటివాళ్ల మనసు చదవడం నేర్పుతారనో, బాధలో ఉన్నవాళ్లకు ఏం చెప్పాలో నేర్పుతారనో అనుకుని చాలామంది పిల్లలు సైకాలజీలో చేరతారు. తీరా చేరాక న్యూరాన్లు, ప్రయోగ పద్ధతులు, గణాంకాలు ఎదురయ్యేసరికి డీలా పడిపోతారు. నిజానికి ఈ శాస్త్రం మొదలైందే కొలతలతో. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టారు. చప్పుడు వినబడ్డాక మనిషి స్పందించడానికి ఎంత సమయం పడుతుంది వంటి విషయాలు అక్కడ కొలిచేవారు. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో సైకాలజీ శాఖ ఏర్పడినప్పుడు కూడా ప్రయోగశాలకే పెద్దపీట వేశారు. కాబట్టి మీ అమ్మాయిని కూడా ఒక ప్రయోగంతోనే మొదలుపెట్టమనండి. కాగితం, పెన్ను, సెకన్ల ముల్లున్న గడియారం, పది మంది మనుషులు ఉంటే చాలు.

అంకెల జాబితాలు రాసుకోవాలి. మొదటివి 3 అంకెలవి, తర్వాత 4, 5... ఇలా 10 దాకా, ఒక్కో పొడవుకు రెండేసి జాబితాలు. సెకనుకు ఒక అంకె చొప్పున, ఒకే స్థాయి గొంతుతో చదవాలి. విన్నవాళ్లు అదే వరుసలో తిరిగి చెప్పాలి. ఒక పొడవులో రెండు జాబితాలూ తప్పితే అక్కడ ఆపేయాలి. సరిగ్గా చెప్పిన వాటిలో అతి పొడవైన జాబితాలో ఎన్ని అంకెలున్నాయో అదే ఆ మనిషి స్కోరు. పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇది 5 నుంచి 9 మధ్య వస్తుంది. 1956లో అమెరికా సైకాలజిస్టు జార్జ్ మిల్లర్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలోని "ఏడు, రెండు అటూఇటూ" అన్న మాట ఇదే.

మొదటిసారి చేసేటప్పుడు తప్పులు దొర్లే చోట్లు కొన్ని ఉన్నాయి. ఫోన్ నంబరు చెప్పినట్టు మూడేసి అంకెలు కలిపి చదివితే వినేవాళ్లు గుంపులుగా గుర్తుపెట్టుకుంటారు, స్కోరు పెరిగిపోతుంది. జాబితాలో 1, 9, 4, 7 వరుసగా వస్తే అవి నాలుగు అంకెలుగా కాక స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిగా ఒకే ముక్కలా గుర్తుండిపోతాయి. అలా గుంపు కట్టే అవకాశం లేకుండా చూస్తే మనం పట్టి ఉంచగలిగేది నాలుగు ముక్కల దాకానేనని తర్వాతి పరిశోధకులు చెప్పారు. మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. అమ్మమ్మకు తెలుగులో చదివి, తమ్ముడికి ఇంగ్లిష్‌లో చదివితే తేడా వయసుదో భాషదో తేల్చలేం. అందరికీ ఒకే భాషలో చదవాలి. ఈ సంగతి తనంతట తనే కనిపెడితే పరిశోధన పద్ధతుల్లో సగం పాఠం వచ్చేసినట్టే.

తర్వాతి మెట్టు: టీవీ మోగుతుంటే స్కోరు తగ్గుతుందా? ఇక్కడ టీవీ ఉండటం, లేకపోవడం స్వతంత్ర చరం, అంటే మనం మార్చేది. స్కోరు పరతంత్ర చరం, అంటే మనం కొలిచేది. అందరినీ మొదట నిశ్శబ్దంలో, తర్వాత టీవీతో పరీక్షిస్తే రెండోసారికి అలసటో అలవాటో వచ్చి కలుస్తుంది. అందుకే ఐదుగురికి నిశ్శబ్దం ముందు, మిగతా ఐదుగురికి టీవీ ముందు పెట్టాలి. రెండోసారికి కొత్త జాబితాలు వాడాలి. చివర్లో రెండు సగటులూ పోల్చి చూసుకోవాలి. పది మందితో వచ్చిన ఫలితాన్ని లోకమంతటికీ వర్తింపజేయకూడదన్నదీ ఇక్కడే నేర్చుకోవాలి.

ఇక లెక్కల భయం. మొదట్లో కావలసిన సగటు, మధ్యగతం, బాహుళకం పదో తరగతిలో చదివినవే. కొత్తగా వచ్చే ముఖ్యమైనవి ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది), సహసంబంధం (రెండు విషయాలు ఎంతవరకు కలిసి మారతాయో చెప్పేది). కలన గణితం అవసరం రాదు. ప్రామాణిక విచలనం ఎందుకో తెలియాలంటే ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) పరీక్షలు చూడండి. వాటిలో సగటు 100, విచలనం 15గా అమర్చి ఉంటుంది. అంటే నూటికి సుమారు 68 మంది 85, 115 మధ్య ఉంటారు. ఇది తెలిసినవాళ్లు 92 వచ్చిన పిల్లాడిని తెలివి తక్కువవాడనరు. స్కోరు 70 కంటే తగ్గినా అదొక్కటే చూసి మేధో వైకల్యం అనకూడదు. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలుగుతున్నారో కూడా అంచనా వేయాలి. సహసంబంధం విషయంలో ఒక్క జాగ్రత్త: ఫోన్ ఎక్కువ చూసే పిల్లలకు మార్కులు తక్కువని తేలినంత మాత్రాన ఫోనే కారణమని రుజువు కాదు. చదువు ఎక్కక ఫోన్ పట్టుకుని ఉండొచ్చు, ఇంట్లో సమస్య రెండింటికీ మూలమై ఉండొచ్చు.

చదివే వరుస కూడా ముఖ్యమే. పరిశోధన పద్ధతులు, గణాంకాల తర్వాత మెదడు, నాడీ వ్యవస్థ. బైపీసీ చదివిన అమ్మాయికి ఇది తేలిక. తర్వాత సంవేదన (ఇంద్రియాలకు అందేది), ప్రత్యక్షం (దాన్ని మెదడు అర్థం చేసుకోవడం), అభ్యసనం (నేర్చుకోవడం), స్మృతి (జ్ఞాపకం). ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల సైకాలజీ పుస్తకాలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగులో చదవాలంటే టెట్ కోసం రాసిన శిశు వికాసం పుస్తకాలు ఉన్నాయి కానీ అవి బిట్ల కోసం రాసినవి. గంట మోగితే కుక్కకు లాలాజలం ఊరేలా నేర్పిన పావ్‌లోవ్ పేరు, ఆ కుక్క, ఆ గంట గుర్తుంటాయి, ప్రయోగం ఎందుకు చేశారో గుర్తుండదు. పదాల కోసం వాడుకోండి, వాటితోనే సరిపెట్టొద్దు.

అభ్యసనంలో చాలామంది తడబడేది రుణాత్మక పునర్బలనం (నచ్చనిది తొలగడం వల్ల ఒక ప్రవర్తన బలపడటం) దగ్గర. అది శిక్ష అనుకుంటారు. కారులో సీటు బెల్టు పెట్టుకోగానే బీప్ ఆగిపోతుంది కదా, ఆ చిరాకు తప్పడం వల్ల బెల్టు పెట్టుకునే అలవాటు బలపడుతుంది. ప్రవర్తన పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష. ధన, రుణ అన్నవి ఏదైనా కలిపారా, తీసేశారా అన్నదే చెబుతాయి.

మానసిక రుగ్మతల అధ్యాయాన్ని మాత్రం చివరికి ఉంచమనండి. అది ముందు చదివినవాళ్లు ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక జబ్బు అంటగడతారు. కుంగుబాటు అని నిర్ధారించాలంటే డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ ప్రామాణిక గ్రంథం) ప్రకారం తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు ఉండాలి. వాటిలో దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో తప్పనిసరి. వాటివల్ల తీవ్రమైన బాధ కలగాలి లేదా రోజువారీ జీవితం దెబ్బతినాలి. మందులు, ఇతర జబ్బులు కారణం కావని చూడాలి. రెండు రోజులు ముభావంగా ఉన్న మనిషికి ఆ పేరు పెట్టడం వాళ్లకు హాని చేయడమే.

ఇప్పుడు ఉద్యోగం మాట. డిగ్రీ తర్వాత రెండేళ్ల ఎంఏ లేదా ఎంఎస్సీ చేయాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో ఉస్మానియా, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ శాఖలున్నాయి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చేసి, ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. చాలా ఏళ్లుగా దీనికి దారి పీజీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్. ఈ కోర్సుల స్వరూపం ఇప్పుడు మారుతోంది కాబట్టి, చేరే ఏడాది ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోని జాబితాలో కాలేజీ, కోర్సు రెండూ ఉన్నాయని చూసుకున్నాకే ఫీజు కట్టండి. మందులు రాసే సైకియాట్రిస్టు దారి వేరు, దానికి ఎంబీబీఎస్, ఆపై ఎండీ కావాలి. ఆ కోరిక ఉంటే నీట్ గురించి ఇప్పుడే ఆలోచించుకోవాలి.

దూరవిద్యలో చేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో సైకాలజీ ప్రవేశాలను యూజీసీ ఆపేసింది. రెగ్యులర్ కాలేజీని చూడటానికి వెళ్లినప్పుడు మూడు సంగతులు అడగండి: సైకాలజీ ల్యాబ్ విడిగా ఉందా, సెమిస్టర్‌కు ఎన్ని ప్రాక్టికల్స్ నిజంగా చేయిస్తారు, ఆసుపత్రిలోనో ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలోనో ఇంటర్న్‌షిప్‌కు పంపుతారా. సీనియర్ల ప్రాక్టికల్ రికార్డు ఒకటి చూపించమనండి. పది పేజీలు తిప్పితే ఆ ప్రయోగాలు మనుషుల మీద చేసినవో, పాత రికార్డు చూసి దించినవో అంకెల్లోనే తెలిసిపోతుంది.