పునాది గోడలు లేకుండా స్తంభాలు పాతి కట్టిన షెడ్డు గాలికి నిలుస్తుందా?

ప్రశ్న: పశువులకూ, ఎండుమేత నిల్వకూ కలిపి ఒక పెద్ద షెడ్డు వేద్దామనుకుంటున్నాను. మాది నల్లరేగడి నేల. చుట్టూ పునాది తీసి గోడలు లేపాలని మేస్త్రీ అంటున్నాడు. లోతుగా స్తంభాలు పాతి పైన రేకులు వేస్తే చాలని, ఖర్చు తగ్గుతుందని, ట్రాక్టరు కూడా లోపల తిరుగుతుందని ఇంకొకరు చెబుతున్నారు. పునాది లేకపోతే గాలికి ఆగుతుందా? ఏది మంచిది?

జవాబు: మీ అవసరానికి స్తంభాల షెడ్డే మంచిది. గాలికి కూడా ఆగుతుంది, స్తంభాలు పాతే పని సరిగ్గా జరిగితే. మిగిలే డబ్బులో కొంత ఆ పనికే పెట్టండి.

గోడల కట్టడంలో కప్పు బరువంతా గోడ మోస్తుంది. అందుకే గోడ పొడవునా పునాది తవ్వాలి. స్తంభాల పద్ధతిలో రేకుల బరువు పర్లిన్ల (రేకుల కింద అడ్డంగా వేసే దూలాల) మీదుగా ట్రస్సులకు (కప్పును మోసే త్రికోణపు చట్రాలకు), అక్కడి నుంచి స్తంభాలకు, చివరికి గుంత అడుగున పోసిన కాంక్రీటు దిమ్మెలకు చేరుతుంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య 8 నుంచి 12 అడుగుల దూరం ఉంటుంది కాబట్టి తవ్వకం, కాంక్రీటు బాగా తగ్గుతాయి. పని కూడా త్వరగా ముగుస్తుంది.

నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించే లాభం వేరే ఉంది. గోడకు మోసే పని లేదు కనుక ఏ వైపైనా తెరిచి ఉంచుకోవచ్చు, తర్వాత ఎప్పుడైనా మూయవచ్చు. ట్రస్సులను ఇంజినీరు లెక్కప్రకారం చేయిస్తే 40 నుంచి 60 అడుగుల వెడల్పు వరకు మధ్యలో ఒక్క స్తంభం లేకుండా కప్పు వేయవచ్చు. పశువులు పెరిగితే గాడిపాటి వరుస మార్చుకోవచ్చు. షెడ్డు చాలకపోతే చివరి రేకులు విప్పి, మరో రెండు వరసల స్తంభాలు వేసి పొడిగించుకోవచ్చు. పశువుల మంద ఏటా ఒకేలా ఉండదు, షెడ్డు దానికి తగ్గట్టు మారగలగాలి.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పొడవాటి పునాది ఒకచోట లేచి ఇంకోచోట దిగితే గోడ పగలక తప్పదు. విడి స్తంభాలపై బోల్టులతో బిగించిన చట్రం కొద్దిపాటి కదలికను ఓర్చుకుంటుంది. అయితే గుంత 4 అడుగులకు తగ్గకూడదు. మీ నేలలో బీటలు అంతకన్నా దిగితే ఇంకా లోతుకు వెళ్లాలి. తవ్విన నల్లమట్టినే తిరిగి పూడ్చవద్దు. స్తంభం చుట్టూ కాంక్రీటు పోయించండి, లేదా మొరం పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టించండి. వాననీరు స్తంభం దగ్గర నిలవకుండా నేలకు వాలు ఇవ్వండి.

ఇక గాలి సంగతి. రేకుల షెడ్డు తేలిక కట్టడం, భూమిలోకి కుంగుతుందన్న భయం కన్నా పైకి లేస్తుందన్న భయమే ఎక్కువ. పక్కలు తెరిచి ఉంటే గాలి కింద నుంచి తోస్తుంది, పై నుంచి లాగుతుంది, గొడుగు తిరగబడినట్టే. కాబట్టి స్తంభం అడుగున అడ్డంగా ఇనుప కడ్డీ దూర్చి, దాన్ని కలుపుకొని కాంక్రీటు పోయాలి. ట్రస్సును స్తంభానికి మేకులతో సరిపెట్టకుండా బోల్టులతో బిగించాలి. నాలుగు వైపులా రేకులు కొట్టిన షెడ్డులో ఆ రేకులే పక్కగాలిని చాలావరకు తట్టుకుంటాయి. మీలా తెరిచి ఉంచే షెడ్డుకు ఆ బలం ఉండదు, స్తంభానికీ ట్రస్సుకూ మధ్య ఏటవాలు బ్రేసులు (ఊతంగా బిగించే ముక్కలు) తప్పనిసరి.

స్తంభం ముందుగా దెబ్బతినేది నేలమట్టం దగ్గర, దానికి కొద్దిగా కింద. తేమ, గాలి రెండూ అందేది అక్కడే. ఇనుప స్తంభమైతే పశువుల మూత్రం, పేడ తగిలి తుప్పు పడుతుంది. అందుకే కాంక్రీటును నేలకు అడుగున్నర పైదాకా లేపి, పైభాగం వాలుగా చేయించండి. కర్ర స్తంభమైతే ఒత్తిడితో మందు పట్టించినదే వాడాలి, కోసిన చివర భూమిలోకి వెళ్లకూడదు. ఒక్కటి మాత్రం మరవకండి: అలాంటి కర్ర ముక్కలను పొయ్యిలో గానీ కుప్పగా గానీ కాల్చవద్దు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన కర్ర బూడిదలో ఆర్సెనిక్ మిగిలిపోతుంది. ఉప్పగా ఉండే ఆ బూడిదను పశువులు ఇష్టంగా నాకుతాయి, చచ్చిపోతాయి. ముక్కలన్నీ ఏరి పశువులకు అందనిచోట పూడ్పించండి.

కప్పు నడికొప్పున గాలి పోయే సందు వదలండి. వెడల్పు ప్రతి 10 అడుగులకు 2 అంగుళాల చొప్పున, 40 అడుగుల షెడ్డుకు 8 అంగుళాలు. వేడి, అమ్మోనియా వాసన అటు నుంచి వెళ్లిపోతాయి, రేకుల కింద చెమ్మ కట్టదు. మేతను మాత్రం అడ్డుగోడతో వేరు చేయండి.

రెండు మూడు అడుగులకే రాయి తగిలితే ఈ పద్ధతి కుదరదు. అప్పుడు కాంక్రీటు దిమ్మెల మీద బేస్‌ప్లేట్లతో (స్తంభం అడుగున ఉండే ఇనుప పలకలతో) స్తంభాలు నిలపాలి. పాతిన స్తంభానికున్న బిగువు వాటికి రాదు కాబట్టి బ్రేసులు పెంచాలి. అందుకే ఎవరికీ బయానా ఇవ్వకముందే, నేల బాగా బీటలిచ్చిన ఎండాకాలంలో షెడ్డు వేసే చోట 5 అడుగుల గుంత ఒకటి తీయించి, బీట ఎంతదాకా దిగిందో, రాయి ఎక్కడ తగిలిందో కొలిచి ఇంజినీరుకు చూపించండి.