ట్రైలర్ పక్కల నల్ల చారలా? ముందు పైకప్పు చూడండి

వాడిన ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) కొన్నాం, తెల్లటి పక్కల మీద పైనుంచి కిందికి నల్ల చారలున్నాయి, కడిగిన వారానికే మళ్ళీ వస్తున్నాయి, ప్రెషర్ వాషర్ (నీళ్ళని జోరుగా చిమ్మే మెషిన్) అద్దెకు తెచ్చి కొట్టేయమంటారా అని కదా మీరు అడిగారు. వద్దండి. నేను కొట్టి అనుభవించాను.

మేం హ్యూస్టన్ దగ్గర ఉంటాం. ఐదేళ్ళ క్రితం 26 అడుగుల ట్రైలర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మొదటి వేసవిలోనే ప్రెషర్ వాషర్ తెచ్చి ఉత్సాహంగా మొదలుపెట్టాను. పది నిమిషాల్లో పక్కనున్న స్టిక్కర్ గీతలు అరటి తొక్కలా లేచిపోయాయి. అదైనా నయమే. మూడు నెలలకి వెనక కిటికీ కింద పళ్ళెమంత ఉబ్బు కనిపించింది. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ టప్పున బయటికొచ్చేది. ఆ నీళ్ళు కిటికీ అంచులోంచి లోపలికి వెళ్ళాయి. ఈ గోడలంటే పైన ఫైబర్‌గ్లాస్ రేకు, దాని వెనక గమ్‌తో అతికించిన పల్చటి ప్లైవుడ్, అంతే. ప్లైవుడ్ తడిస్తే గమ్ వదిలేస్తుంది. దీన్నే డీలామినేషన్ అంటారు. షాపువాళ్ళు ఆ గోడంతా మార్చాలని ట్రైలర్ ధరలో సగం చెప్పారు. కిటికీ ఊడదీసి కొత్త బ్యూటిల్ టేప్ (సందులు మూసే జిగురు రబ్బరు పట్టీ) వేసి నీళ్ళు రాకుండా మాత్రం చేశాం. ఉబ్బు ఇప్పటికీ ఉంది. దాని మీద మా పాప ఎలుగుబంటి స్టిక్కర్ అతికించింది.

ఇక చారల సంగతి. మురికి కనిపించేది పక్కల మీద, పుట్టేది పైకప్పు మీద. చాలా ట్రైలర్లకి పైన ఈపీడీఎం అనే రబ్బరు షీటు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎండకి దాని పైపొర సుద్దలా పొడి అవుతుంది. బొటనవేలితో రుద్దితే తెల్లగా అంటుకుంటుంది, చూడండి. మంచుకీ వానకీ ఆ సుద్ద, దుమ్ము, చెట్ల పుప్పొడి కలిసి పక్కలకి జారతాయి. కింద ఎంత తోమినా పైన అలాగే ఉంటే చారలు రాక ఏమవుతాయి? కొన్నిటికి ఉండే టీపీఓ అనే ప్లాస్టిక్ రకం షీటైతే సుద్ద తక్కువ, కానీ దానిమీదా మురికి పేరుకుంటుంది.

కప్పు కడిగే ముందు పక్కలని బాగా తడపండి, అప్పుడు జారే మురికి అక్కడ అంటుకోదు. మెత్తటి బ్రష్, తక్కువ ఘాటు సబ్బు చాలు. మూడడుగుల ముక్క చొప్పున తోమి, ఆరకముందే నీళ్ళు పొయ్యాలి. నేను మోకాళ్ళ మీదే కదులుతాను, తడి రబ్బరు మీద కాలు జారితే ఎముకలు మిగలవు. రబ్బరు కప్పు మీద పెట్రోలు, థిన్నర్, నిమ్మజాతి నూనెలున్న క్లీనర్లు వాడకూడదు, ఉబ్బిపోతుంది.

ఎక్కిన పనిలో పనిగా వెంట్లు, స్కైలైట్, యాంటెనా చుట్టూ ఉన్న సీలెంట్ (నీళ్ళు దిగకుండా సందులు పూడ్చే పేస్టు) చూడండి. పగుళ్ళుంటే తుడిచి, పూర్తిగా ఆరాక, ట్రైలర్ కప్పుల కోసమే అమ్మే ల్యాప్ సీలెంట్ పోయండి. తానే పరుచుకునే రకం పడుకుని ఉన్న చోట్లకి, జారని రకం నిలువు అంచులకి. సిలికాన్ మాత్రం పెట్టకండి, ఒకసారి పెడితే ఆ తర్వాత దానిమీద ఏదీ అతుక్కోదు. ఊళ్ళో మా తాతయ్య మృగశిర కార్తెకి ముందే మనిషిని పిలిపించి పెంకులు సర్దించేవారు. నాకూ ఈ పని అలాగే అలవాటైంది: మూడు నెలలకోసారి పైకెక్కి ఓ చూపు.

పక్కలకి కారు షాంపూ సరిపోతుంది. గిన్నెలు తోమే సబ్బుతో మాటిమాటికీ కడిగితే వ్యాక్స్ పోతుంది. పొద్దున్నే నీడలో కడగండి, సబ్బు ఎండిపోతే మరకలు పడతాయి. ఫ్రిజ్ వెంట్‌లోకి (బయటికి కనిపించే గాలి జాలీ) నేరుగా నీళ్ళు కొట్టకండి, వెనక గ్యాస్ బర్నర్, వైర్లు ఉంటాయి. కడిగాక కూడా చేతికి తెల్లపొడి అంటితే అది మురికి కాదు, జెల్ కోట్ (ఫైబర్‌గ్లాస్ మీదుండే మెరుపు పొర) ఎండకి చచ్చిపోవడం. కాంపౌండ్ అనే గరుకు పేస్టుతో పాలిష్ చేసి వ్యాక్స్ పెట్టాలి. స్టిక్కర్ల మీద కాంపౌండ్ రుద్దకండి. మేం ఏడాదికి రెండుసార్లు వ్యాక్స్ పెడతాం, ఒక రోజు, రెండు భుజాలు పోతాయి.

మా టెక్సాస్ గల్ఫ్ తీరంలో మే, సెప్టెంబరు నెలల్లో లవ్‌బగ్స్ అని జంటలుగా అతుక్కుని ఎగిరే నల్ల పురుగులు ముందు భాగమంతా చితికిపోతాయి. రోజుల తరబడి వదిలేస్తే పెయింట్ తినేస్తాయి. తడి తువ్వాలు పావుగంట కప్పి ఉంచి తుడిస్తే వచ్చేస్తాయి, గీకక్కర్లేదు. సముద్రం ఒడ్డునున్న గాల్వెస్టన్ వెళ్ళొస్తే కింద ఫ్రేముకి కూడా మంచినీళ్ళు కొడతాను, ఉప్పుగాలికి తుప్పు పడుతుంది.

ఆనింగ్ (పక్కన నీడకి విప్పే గుడ్డ పందిరి) తడిగా చుట్టకండి, బూజు పడుతుంది. వాన వల్ల తప్పక చుట్టినా, ఇంటికి రాగానే విప్పి ఆరబెట్టండి.

టైర్ల గురించి మీరు అడగలేదు గానీ, సెకండ్ హ్యాండ్ కాబట్టి చెప్తున్నా. టైరు పక్కన DOT అని మొదలయ్యే డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూడండి. 2317 అంటే 2017లో 23వ వారం తయారైందని. నిలబడి ఉండే బండి టైర్లు అరగవు, ఎండకి పగులుతాయి. ట్రెడ్ (టైరు మీది గాళ్ళు) కొత్తగా ఉందని మోసపోవద్దు.

ముందు ఆ బొటనవేలి పరీక్ష చేసి, పొడి వచ్చిందో లేదో ఇక్కడే చెప్పండి, కప్పుకి ఏ కోటింగ్ వెయ్యాలో అప్పుడు మాట్లాడుకుందాం. ఎక్కేటప్పుడు కింద నిచ్చెన పట్టుకోవడానికి ఒకరిని పెట్టుకోండి.